వెస్ట్రీలో కూర్చున్న విశ్వాసి: జోసెఫ్ మెరిక్ జీవితం

శతవార్షికోత్సవ సంచిక అనగానే సంఘానికి పునాదులు వేసిన పెద్దల చరిత్రలు రాయడం ఆనవాయితీ. గుళ్ళు కట్టించినవారు, బళ్ళు పెట్టినవారు, ఆసుపత్రులు స్థాపించినవారు, ఎద్దుబండ్ల మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పినవారు మన కృతజ్ఞతకు తప్పక పాత్రులే. అయితే మేము ఈ పుటలలో తలచుకోదలచిన మనిషి ఏ సంస్థనూ స్థాపించలేదు. ఏ పదవిలోనూ లేడు. ఇరవై ఏడేళ్ళకే కన్నుమూశాడు. ఆయన కట్టిన గుడి ఒక్కటే, అదీ అట్టముక్కలతో చేసిన బొమ్మగుడి. లోకం ఆయనను ఏనుగు మనిషి అని పిలిచింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్ కేరీ మెరిక్.

ఆయన 1862 ఆగస్టు 5న ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో ఒక కార్మిక కుటుంబంలో పుట్టాడు. తల్లి మేరీ జేన్ బాప్టిస్టు సంఘస్థురాలు, సండేస్కూలు టీచరు. కేరీ అనే పేరు విలియం కేరీ గారి జ్ఞాపకార్థం పెట్టినదే. కేరీ గారు మన దేశానికి రాకముందు ఆ లెస్టర్‌లోనే ఒక సంఘానికి కాపరిగా పనిచేశారు. శ్రీరాంపురం నుండి 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించినదీ ఆయనే. ఆ విధంగా మన భాషకు సేవచేసిన మిషనరీ పేరు ఈ బాలుడికి వచ్చింది. కొడుకు మీద ఆ తల్లి ఏమేమి ఆశలు పెట్టుకున్నదో ఆ పేరే చెబుతుంది.

పుట్టినప్పుడు బిడ్డలో ఏ తేడా కనబడలేదు. తర్వాత కొన్నేళ్ళలోనే చర్మం ముద్దలు ముద్దలుగా లేచింది. నుదుటి మీద ఎముక పెరిగింది. కుడి చెయ్యి, పాదాలు లావెక్కసాగాయి. చిన్నతనంలోనే కిందపడి ఎడమ తుంటికి దెబ్బ తగిలి, నయంగాక, జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఎడమ చెయ్యి మాత్రం చక్కగా, సుకుమారంగా ఉండేది.

ఇదంతా ఎందుకు జరిగిందని ఇరుగుపొరుగు అడిగారు. ఇంటివారు ఒక జవాబు చెప్పుకున్నారు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు సంత ఊరేగింపులో ఒక ఏనుగు దగ్గర పడి బెదిరిందనీ, ఆ భయం కడుపులోని బిడ్డకు తగిలిందనీ. జోసెఫ్ కూడా చివరిదాకా దానినే నమ్మాడు. చదువుకున్న మనం ఈ మాటకు నవ్వుతాం. కాని పెదవి చీలి పుట్టిన బిడ్డను మన ఊళ్ళలో ఏమంటారు? గ్రహణం మొర్రి అంటాం. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చిందనో, కత్తి పట్టుకున్నదనో నింద ఆ పేరులోనే దాచిపెట్టాం. లెస్టర్‌లో ఏనుగు, మన దగ్గర గ్రహణం. రెండు చోట్లా తప్పు తల్లిదే అయింది. పుట్టుగుడ్డివానిని చూసి ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఇద్దరి మీదా ఆ నేరం మోపనివ్వలేదు. ఆ అధ్యాయాన్ని ఏటా చదువుకుంటూనే మనం ఆ పాత ప్రశ్న వేస్తూ ఉన్నాం.

జోసెఫ్‌కు పదకొండో ఏడు నిండకముందే, 1873 మే నెలలో, తల్లి కాలం చేసింది. తన జీవితంలోకెల్లా పెద్ద దుఃఖం అదేనని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. మరుసటి ఏడు తండ్రి మరొక వివాహం చేసుకున్నాడు. సవతి తల్లి ఇంట అతడు ఎవరికీ అక్కరలేనివాడయ్యాడు. పదమూడో ఏట బడి మానిపించి చుట్టలు చుట్టే ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. రెండేళ్ళు ఆ పని చేశాడు. కుడి చెయ్యి మరీ బరువెక్కి, వేళ్ళు ఆడక, ఆ పని పోయింది.

అప్పుడు తండ్రి లైసెన్సు తీసి ఇచ్చి, సూదులు, దారాలు, చిల్లర సరుకులు ఇంటింటికీ తిప్పి అమ్మమన్నాడు. తలుపు తీసినవారు ఆ ముఖం చూసి తలుపు వేసుకునేవారు. పెదవులు, దవడ పెరిగిపోవడంతో మాట స్పష్టంగా వచ్చేది కాదు. వెనక పిల్లలు గుంపుకట్టేవారు. అమ్మకం లేనిదే ఇంట్లో కడుపునిండా తిండి లేదు. 1877లో ఒకనాడు డబ్బు తక్కువ తెచ్చినందుకు తండ్రి బాగా కొట్టగా ఇల్లు విడిచి పోయాడు. అప్పుడు బాబాయి చార్లెస్ మెరిక్, మంగలి పనిచేసుకుని బ్రతికే సామాన్యుడు, తన ఇంట చోటిచ్చాడు. సొంత పిల్లలున్న చిన్న ఇల్లు. అయినా రెండేళ్ళు పెట్టి పోషించాడు. ఈ కథలో తరువాత పెద్ద పెద్దవారు వస్తారు గాని, మొదట తలుపు తీసినది ఈ మంగలి బాబాయే అని మరువరాదు.

చివరకు అధికారులు ఆ లైసెన్సును కూడా కొనసాగించలేదు. ఆయన వీధిలో కనబడటమే జనానికి ఇబ్బందిగా ఎంచారు. ఇది ఒక్క లెస్టర్ దోషం అనుకోనక్కరలేదు. చూడముచ్చటగా లేని శరీరం గలవారు బహిరంగ స్థలాలలో కనబడరాదని అమెరికాలోని చికాగో నగరం 1881లో శాసనమే చేసింది. దానిని రద్దుచేసుకున్నది 1974లో! కష్టపడి బ్రతుకుతానన్న మనిషిని పనిలోనుండి, వీధిలోనుండి తోసివేసి, ఆ తరువాత ఇతడు పనికిరానివాడు అనడం లోకరీతి.

పదిహేడేళ్ళ మెరిక్ 1879 డిసెంబరు ఆఖరున లెస్టర్ వర్క్‌హౌస్‌లో చేరాడు. దిక్కులేని పేదలను ఉంచే ఆ శాల పేరుకు దానధర్మమే, బ్రతుకు మాత్రం జైలు వంటిది. ఒకసారి బయటపడి పని వెదికాడు. దొరకక రెండు రోజులకే తిరిగి చేరాడు. ఆ తరువాత నాలుగేళ్ళు అక్కడే గడిచాయి. పై దవడనుండి పెరిగి నోటికి అడ్డంపడిన కండను ఆ కాలంలోనే శస్త్రచికిత్స చేసి తీసివేశారు.

ఇక్కడ ఆయన ఒక నిర్ణయం చేశాడు. ఎలాగూ లోకం నన్ను చూడటానికి ఎగబడుతున్నది గదా, ఆ చూపుకే వెల కడతాను అనుకున్నాడు. 1884లో తానే ఒక వినోదశాల యజమానికి కబురు పంపి, ప్రదర్శనకు ఒప్పుకున్నాడు. సగం మనిషి, సగం ఏనుగు అని బోర్డులు వెలిశాయి. కొన్నాళ్ళకు లండనులో టామ్ నార్మన్ అనే ప్రదర్శకుడు వైట్‌చాపెల్ రోడ్డులో ఒక అంగడి అద్దెకు తీసుకుని అందులో ఆయనను చూపించాడు. సరిగ్గా ఎదుటనే లండన్ హాస్పిటల్. అక్కడి సర్జను ఫ్రెడరిక్ ట్రీవ్స్ రోడ్డు దాటి వచ్చి చూశాడు. తరువాత ఆసుపత్రికి పిలిపించి కొలతలు తీశాడు. తల చుట్టుకొలత 36 అంగుళాలు, కుడి మణికట్టు 12 అంగుళాలు, ఒక వేలు 5 అంగుళాలు. 1884 డిసెంబరులో పెథలాజికల్ సొసైటీ వైద్యుల ముందు నిలబెట్టి చూపాడు.

ఈ రెండు ప్రదర్శనలకు ఎంత తేడా? తరువాత ట్రీవ్స్ రాసిన పుస్తకంలో నార్మన్ కఠినుడుగా కనబడతాడు. నార్మన్ దానిని ఖండించి, మెరిక్ వచ్చిన డబ్బులో తన వాటా తాను తీసుకుని గౌరవంగా బ్రతికాడని వాదించాడు. ఎవరి పక్షం పూర్తిగా సరి అని మేము తీర్పు చెప్పబోము. ఒక్కటి మాత్రం నిజం. అంగడిలో టిక్కెట్టు కొని చూసినవారికి ఆయన వింత. వైద్యుల సభలో ఆయన కేసు. ఈయన తెలివిగలవాడని, బాగా చదువుతాడని ట్రీవ్స్‌కు కూడా అప్పట్లో తెలియలేదు. మాట అర్థంగాక, బుద్ధిమాంద్యం ఉన్నదనే అనుకున్నాడు.

పోలీసులు ఇటువంటి ప్రదర్శనలను మూయించసాగారు. 1885లో మెరిక్‌ను యూరప్ తీసుకుపోయారు. అక్కడ కూడా రాణించలేదు. బ్రస్సెల్స్‌లో మేనేజరు ఆయన కూడబెట్టుకున్న సుమారు 50 పౌన్లు దోచుకుని, ఒంటరిగా వదిలి పోయాడు. భాష తెలియదు, చేతిలో డబ్బు లేదు, నిండా ముసుగు. ఆస్టెండ్ రేవులో ఓడ ఎక్కనివ్వలేదు. ఆంట్‌వెర్ప్ మీదుగా ఎలాగో ఇంగ్లండు చేరి, 1886 జూన్ 24న లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషనులో దిగాడు. జనం చుట్టుముట్టారు. పోలీసులు ఒక గదిలోకి తీసుకుపోయి అడిగితే మాట అర్థం కాలేదు. ఆయన దగ్గర ట్రీవ్స్ ఇచ్చిన కార్డు ఒకటి మిగిలి ఉంది. దానిని చూసి డాక్టరుగారికి కబురు పంపారు. ట్రీవ్స్ వెంటనే వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

నయంకాని రోగులను శాశ్వతంగా ఉంచుకోవడం ఆ ఆసుపత్రి నియమం కాదు. అటువంటివారి కొరకే ఉన్న ఇతర సంస్థలను అడిగితే అవీ తీసుకోలేదు. అప్పుడు ఆసుపత్రి అధ్యక్షుడు కార్ గామ్ గారు టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. అది 1886 డిసెంబరు 4న అచ్చయింది. అనుకున్నదానికన్నా ఎక్కువ చందాలు వచ్చాయి. ఆసుపత్రి వెనుక భాగంలో, నేలకు దిగువన, మెరిక్‌కు సొంత గదులు ఏర్పాటు చేశారు. ఆ గదుల్లో అద్దం ఉంచరాదని ట్రీవ్స్ ఆదేశించాడు. ఆయన ఇంకెన్నడూ పొట్టకూటికి తన శరీరం చూపవలసిన పనిలేకపోయింది.

ట్రీవ్స్ ఆలోచించి మరొక మంచిపని చేశాడు. లీలా మాటురిన్ అనే వితంతువును పిలిచి, ఆ గదిలోకి వెళ్ళి చిరునవ్వుతో పలకరించి కరచాలనం చేయమని అడిగాడు. ఆమె అంతే చేసింది. మెరిక్ తల వంచి వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి పోయిన తరువాత ఒక స్త్రీ ఆయన ముఖం చూసి నవ్వడం, చెయ్యి కలపడం అదే మొదలు. సంఘస్థులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలెను. ఆ కరచాలనానికి ఒక్క కాణీ ఖర్చు కాలేదు. అది దొరకడానికి ఆయనకు పదమూడేళ్ళు పట్టింది.

తరువాత ఎందరో వచ్చారు. 1887 మే నెలలో వేల్స్ యువరాణి అలెగ్జాండ్రా స్వయంగా వచ్చి, చెయ్యి కలిపి, పక్కన కూర్చుని మాట్లాడింది. తన ఫొటో సంతకం చేసి ఇచ్చింది. ప్రతి క్రిస్మస్‌కు కార్డు పంపేది. ఆయన పుస్తకాలు చదివాడు, ఉత్తరాలు రాశాడు. ఎడమ చేతితో అట్టముక్కలు అమర్చి ఒక అందమైన దేవాలయం నమూనా కట్టాడు. జర్మనీలోని మైంజ్ కెథెడ్రల్ దానికి మాతృక అంటారు. దానిని తనకు సహాయపడిన నటీమణి మాడ్జ్ కెండల్ గారికి కానుకగా పంపాడు. ఆ బొమ్మగుడి నేటికీ మిగిలి ఉంది. ఒకసారి చాటుగా నాటకం చూశాడు. కొన్ని వేసవులు నార్తాంప్టన్‌షైర్‌లో లేడీ నైట్లీ గారి ఎస్టేటులో గడిపి, అడవిపూలు ఏరి లండనుకు పంపేవాడు. అయితే నాటకశాలకైనా, పల్లెకైనా తెరలు దించిన బండిలోనే ప్రయాణం.

ఇప్పుడు మేము ఈ జీవితాన్ని ఎందుకు ఎంచుకున్నామో చెబుతాము. మెరిక్ ఆంగ్లికన్ సంఘంలో కన్ఫర్మేషన్ పొందాడు. బిషప్పు వాల్షమ్ హౌ గారు దానిని ఏకాంతంగా జరిపించారు. సకల పరిశుద్ధుల పండుగనాడు పాడే ప్రసిద్ధమైన ఆంగ్ల కీర్తన రాసినది ఈ బిషప్పుగారే. ఆసుపత్రి ప్రార్థనాలయంలో ఆరాధన జరిగేటప్పుడు మెరిక్ వెస్ట్రీలో కూర్చుని అందులో పాలుపొందేవాడు. పాట వినబడేది, ప్రసంగం వినబడేది. ఎవరికీ తాను కనబడడు. చనిపోయే ముందు ఆదివారం ఈస్టరు పండుగ. ఆనాడు కూడా ఆయన ఆరాధనకు వచ్చి ప్రభువు బల్లలో పాలుపుచ్చుకున్నాడు. అయిదు రోజుల తరువాత, 1890 ఏప్రిల్ 11న, పడక మీద మరణించి కనబడ్డాడు. తల బరువు వలన ఆయన కూర్చునే నిద్రపోయేవాడు. అందరివలె పడుకోవాలని ఆశపడి వెనుకకు వాలి ఉంటాడనీ, తల బరువుకు మెడ విరిగి ఉంటుందనీ ట్రీవ్స్ అభిప్రాయం.

ఆ వెస్ట్రీ ఏర్పాటు చేసినవారు దుర్మార్గులు కారు. ఆయనను జనం చూపులనుండి కాపాడాలనే ఉద్దేశంతోనే చేశారు. బహుశా ఆయనకూ అదే హాయిగా తోచి ఉండవచ్చు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. విశ్వాసులు తమ చూపు మార్చుకోలేరు కనుక ఆయనే మరుగున కూర్చోవలెనా? దయ అంతా ఆయనను పక్కన భద్రంగా ఉంచడానికే ఖర్చయింది. పదిమంది మధ్య ఒక కుర్చీ వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మరణం తరువాత కూడా ఆయన చూడబడే వస్తువుగానే మిగిలాడు. ఎముకలగూటిని వైద్యకళాశాల భద్రపరచింది. దానిని సాధారణ ప్రజలకు చూపరు గాని, క్రైస్తవ మర్యాదతో సమాధి చేయాలని కోరేవారు నేటికీ ఉన్నారు. 1923లో ట్రీవ్స్ పుస్తకం వెలువడినప్పుడు అందులో పేరు జాన్ అని పడింది. 1980లో వచ్చిన ప్రసిద్ధ సినిమా కూడా జాన్ అనే చెప్పింది. సంతకంలో ఆయన తన పేరు జోసెఫ్ అనే రాసుకునేవాడు. అంతగా ఆయనను చూసిన లోకం పేరు మాత్రం సరిగా పట్టించుకోలేదు.

వైద్యశాస్త్రం చాలా కాలం ఆయన స్థితిని వేరొక జబ్బుగా ఎంచింది. 1986లో ఇద్దరు కెనడా వైద్యులు ఇది ప్రోటియస్ సిండ్రోమ్ అనే అత్యంత అరుదైన స్థితి కావచ్చునని చూపగా, నేడు అధికులు దానినే అంగీకరిస్తున్నారు. ఈ సిండ్రోమ్‌కు మూలమైన జన్యుమార్పును 2011లో కనుగొన్నారు. గర్భం నిలిచిన తరువాత, పెరిగే కణాలలో కొన్నింటిలో మాత్రమే, దానంతటది జరిగే మార్పు అది. తల్లి భయం వలన రాదు, తండ్రి పాపం వలన రాదు. నూరేళ్ళు పైబడి మేరీ జేన్ మీద ఉన్న నింద ఆ విధంగా తొలగింది.

మరి ఈనాడు మన సంగతి ఏమిటి? చట్టాలు ముందుకు నడిచాయి. మన దేశంలో 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 చట్టం ఇరవై ఒక్కటి గుర్తించింది. మరుగుజ్జుతనం, యాసిడ్ దాడికి గురైనవారు కూడా అందులో చేరారు. కుష్ఠు మందులతో పూర్తిగా నయమయ్యే కాలం వచ్చినా, క్రైస్తవుల విడాకుల చట్టంలో అది విడాకులకు ఒక కారణంగా 2019 వరకు ఉండేది. ఆ ఏడు పార్లమెంటు దానిని తీసివేసింది. గ్రహణం మొర్రికి చిన్నతనంలోనే ఆపరేషను జరుగుతున్నది. ఇవన్నీ సంతోషించదగినవే.

అయితే చట్టం ఇంటిలోకి, గుడిలోకి తొంగిచూడదు. పెళ్ళివారు వస్తున్నారంటే కాలు అవిటి చెల్లెలిని లోపలి గదిలో కూర్చోబెట్టే ఇళ్ళు మనలో లేవా? కుంటి, గుడ్డి, గూని అనే మాటలు పేరుకు ముందు తగిలించి జీవితాంతం పిలవడం లేదా? క్రిస్మస్ నాటకంలో ముఖంపై మచ్చ ఉన్న పిల్లకు తెర లాగే పని ఇవ్వడం మనకు కొత్తా? మూడుచక్రాల బండి ఇస్తూ, తీసుకునే మనిషిని వేదిక మీద నిలబెట్టి ఫొటోలు తీయించుకోవడంలో వైట్‌చాపెల్ అంగడి గుర్తుకు రావలెను. ఇచ్చిన బండి మంచిదే. కాని అదే మనిషి ఆ బండిలో మన దేవాలయానికి వస్తే, ఎత్తైన మెట్లు ఎక్కలేక వరండాలోనే ఆగిపోతాడు. అది మన వెస్ట్రీ.

దావీదు రాజు కథలో మెఫీబోషెతు అనేవాడు రెండు కాళ్ళూ కుంటివాడు. అతని కాళ్ళు బాగయినట్లు లేఖనం ఎక్కడా చెప్పదు. కథ ముగిసేనాటికి కూడా కుంటివాడే. కాని రాజు బల్లయొద్ద, రాజకుమారుల వరుసలో, ప్రతిదినం భోజనానికి కూర్చున్నాడు. స్వస్థతలు దేవుని చేతిలోనివి. బల్లయొద్ద చోటు మాత్రం మన చేతిలోనిది.

మన అధ్యక్ష మండలం నూరేళ్ళ పండుగ చేసుకుంటున్న ఈ శుభ సమయంలో ప్రతి సంఘం ఒక చిన్న పని పెట్టుకోవలెనని మేము సవినయంగా కోరుతున్నాము. ఏ ఇంట ఎవరు గుడికి రాకుండా ఉండిపోతున్నారో పెద్దలు వెళ్ళి, పేరు అడిగి తెలుసుకోవాలి. మెట్ల పక్కన ఏటవాలు బాట ఒకటి కట్టించాలి. పాడగలవారిని కోయిర్‌లో నిలబెట్టాలి, చదవగలవారిచేత పాఠం చదివించాలి, లెక్కలు తెలిసినవారిని సంఘ కమిటీలోకి తీసుకోవాలి. వారు లోపలికి వచ్చినప్పుడు తేరిపార చూడకుండా, ముఖం తిప్పుకోకుండా, చెయ్యి కలిపి పక్కన జరిగి చోటివ్వాలి. జోసెఫ్ మెరిక్ ఆశించినది అంతకన్నా ఎక్కువేమీ కాదు.